దేశముల జనసాంద్రత: పెద్ద సంఖ్యలను పోల్చు విధము

భూగోళమును ఒక గంటలోను, గణితమును మఱియొక గంటలోను నేర్చుకొనుటచే ఆ రెండింటికిని సంబంధము లేదని మన విద్యార్థులలో పెక్కండ్రు తలంచుచుందురు. దేశముల వైశాల్యములును జనసంఖ్యలును ఒక పుస్తకమున వల్లింపబడుచున్నవి. ఘాతాంక న్యాయములు మఱియొక పుస్తకమున వల్లింపబడుచున్నవి. పరీక్ష ముగిసిన పిమ్మట రెండును మఱపునకు వచ్చుచున్నవి. ఈ రెండు పాఠములను ఒకచోట చేర్చిన యెడల ఒకదానిచే మఱియొకటి యెట్లు తేటపడునో చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట ఒక చిన్న ప్రశ్న. రష్యాదేశమునందు జనులెక్కువగా నున్నారా? బంగ్లాదేశమునందు ఎక్కువగా నున్నారా? గోడపై వ్రేలాడు ప్రపంచపటమును జూచి బదులు చెప్పువారు రష్యాయనియే చెప్పుదురు. రష్యా పటములో ఒక కొననుండి మఱియొక కొనవఱకు వ్యాపించియున్నది. బంగ్లాదేశమును బొటనవ్రేలితో కప్పివేయవచ్చును. ఐనను జనులు బంగ్లాదేశముననే యెక్కువ. పటము నేలను జూపునే కాని జనులను జూపదు. జనసంఖ్యల పట్టిక జనులను జూపునే కాని వారు నిలుచుటకు గల నేలను జూపదు. ఈ రెండింటిని కలిపి చూపునది జనసాంద్రత. ఒక చదరపు కిలోమీటరు నేలపై సగటున ఎందఱు నివసించుచున్నారో తెలుపు సంఖ్యయే జనసాంద్రత. జనసంఖ్యను వైశాల్యముచే భాగించిన అది లభించును.

పెద్ద సంఖ్యలవలన కలుగు చిక్కు

భాగహారము సులభమే, కాని సంఖ్యలు సులభములు కావు. ఐక్యరాజ్యసమితివారి అంచనా ననుసరించి 2023వ సంవత్సరమున మన దేశ జనసంఖ్య సుమారు 1,43,00,00,000. వైశాల్యము 32,87,263 చదరపు కిలోమీటరులు. ఇట్టి సంఖ్యలను వ్రాయునప్పుడు ఒక సున్న జాఱిపోవుట కంటికి కనబడదు. కాని ఒక సున్న జాఱినచో 143 కోట్లు 14 కోట్ల 30 లక్షలగును. కఱవుకాలమున ధాన్యమును లెక్కకట్టు ఉద్యోగి కలమునుండి అట్లు ఒక సున్న జాఱినచో, పదిమంది తినవలసిన చోట ఒక్కనికి మాత్రమే తిండి యేర్పడును. సున్న విలువలేనిదని లోకము చెప్పుకొనును గాని, అంకెకు కుడివైపున నిలిచిన సున్న పదిమంది ప్రాణములకు జవాబుదారి.

రెండవ చిక్కు పేర్లవలన కలుగుచున్నది. మనము లక్షలు, కోట్లు అని లెక్కింతుము. పాశ్చాత్యులు మిలియనులు, బిలియనులు అని లెక్కింతురు. మిలియను పది లక్షలు. బిలియను నూఱు కోట్లు. ఇంతటితోను చిక్కు తీఱలేదు. పూర్వము ఇంగ్లండులో బిలియను అనగా లక్ష కోట్లు. అమెరికాలో నూఱు కోట్లు. బ్రిటిషు ప్రభుత్వమువారు 1974వ సంవత్సరమున అమెరికా పద్ధతినే తాము కూడ అవలంబింతుమని ప్రకటించిరి. కావున పాత ఆంగ్ల గ్రంథములలో బిలియను అని కనబడినప్పుడు అది ఏ బిలియనో విచారించి తెలిసికొనవలెను. పేరు దేశమునుబట్టియు కాలమునుబట్టియు మాఱును. పది ఘాతము మాత్రము ఎక్కడను మాఱదు.

పెద్ద సంఖ్యలకు పేర్లు పెట్టుటలో మన పూర్వులు వెనుకబడినవారు కారు. పండ్రెండవ శతాబ్దమున భాస్కరాచార్యుడు రచించిన లీలావతీగణితమున ఒకటి మొదలుకొని పరార్ధము వఱకు పదునెనిమిది స్థానములకు పేర్లున్నవి. ఒక్కొక్క స్థానము దాని ముందుదానికి పదిరెట్లు. అందు చివరిదగు పరార్ధము 10¹⁷. అంతకు పూర్వము క్రీస్తునకు ముందు మూడవ శతాబ్దమున గ్రీకు పండితుడగు ఆర్కిమిడీసు, విశ్వమును ఇసుకతో నింపుటకు ఎన్ని రేణువులు వలయునో లెక్కకట్టదలచి, పెద్ద సంఖ్యలను చెప్పుటకు ఒక క్రొత్త పద్ధతినే కల్పించెను. అతడు కనుగొనిన సంఖ్యను నేడు 10⁶³ అని రెండు మూడు గీతలతో వ్రాయగలము. ఘాతాంకమును సంఖ్యకు కుడివైపున పైభాగమున చిన్నదిగా వ్రాయు ఆచారము 1637వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడగు డెకార్టు ప్రకటించిన రేఖాగణిత గ్రంథమువలన వ్యాపించినది.

ప్రామాణిక రూపము

ఎంత పెద్ద సంఖ్యనైనను రెండు భాగములుగా వ్రాయవచ్చును. మొదటి భాగము ఒకటికి తక్కువ కాకుండ, పదికంటె తక్కువగా నుండు గుణకము. రెండవ భాగము పదియొక్క ఘాతము. ఈ రెండింటి లబ్ధముగా వ్రాసిన సంఖ్య ప్రామాణిక రూపమున నున్నదందురు. శాస్త్రజ్ఞులు తఱుచుగా వాడుటచే శాస్త్రీయ రూపమనియు చెప్పుదురు.

1,43,00,00,000 అను సంఖ్యలో మొదటి యంకె తరువాత దశాంశబిందువు నుంచిన 1.43 అగును. బిందువునకు కుడివైపున మొత్తము తొమ్మిది స్థానములుండెను గనుక అది 1.43 × 10⁹. మన దేశ వైశాల్యమున 3 అను అంకె తరువాత ఆఱు స్థానములున్నవి. కావున అది 3.29 × 10⁶. మన లెక్కలో లక్ష 10⁵, కోటి 10⁷; వారి లెక్కలో మిలియను 10⁶, బిలియను 10⁹. ఈ నాలుగింటిని గుఱుతుంచుకొనినవాడు ఏ దేశపు వార్తాపత్రికనైనను తడబడకుండ చదువగలడు.

ఈ రూపమున రెండు సంఖ్యలను పోల్చునప్పుడు మొదట ఘాతాంకములను జూడవలెను. అవి సమానముగా నున్నప్పుడే గుణకములను జూడవలెను. 9.83 × 10⁶, 1.71 × 10⁷ అను రెండింటిలో ఏది పెద్దదియని యడిగిన, తొమ్మిదిని జూచి మొదటిదే పెద్దదని చెప్పు విద్యార్థులు కలరు. మొదటిది అమెరికా సంయుక్తరాష్ట్రముల వైశాల్యము. రెండవది రష్యా వైశాల్యము. ఘాతాంకము మేడమెట్టు వంటిది. గుణకము ఆ మెట్టుపై నిలిచినవాని పొడవు వంటిది. పై మెట్టున నిలిచిన పొట్టివాని శిరస్సు క్రింది మెట్టున నిలిచిన పొడుగువాని శిరస్సుకంటె ఎత్తుగానే యుండును, మెట్టు తగినంత ఎత్తైనచో. ఇచ్చట ఒక్కొక్క మెట్టు పదిరెట్ల ఎత్తు.

భాగహారము

ఇక మన దేశ జనసాంద్రతను కనుగొందము. 1.43 × 10⁹ ని 3.29 × 10⁶ చే భాగింపవలెను. గుణకములను గుణకములతో భాగింపుడు: 1.43 ÷ 3.29 = 0.435. ఘాతాంకములను తీసివేయుడు: 9 − 6 = 3. తీసివేయనేల? పైన తొమ్మిది పదులు హెచ్చవేయబడియున్నవి. క్రింద ఆఱు పదులున్నవి. ఆఱింటికి ఆఱు కొట్టివేయగా పైన మూడు పదులు మిగులును. ఇదియే న్యాయము; దీనిని వల్లింప నక్కఱలేదు.

ఫలము 0.435 × 10³. గుణకము ఒకటికంటె తక్కువగా నుండరాదు గావున బిందువును ఒక స్థానము కుడికి జరిపి, ఘాతాంకమున ఒకటి తగ్గింపవలెను. అప్పుడు 4.35 × 10² అగును. అనగా చదరపు కిలోమీటరునకు 435 మంది. ఇదే విధమున కొన్ని దేశముల సాంద్రతలను కనుగొని క్రింద వ్రాయుచున్నాను. ప్రతి వరుసయందును మొదటిది జనసంఖ్య, రెండవది చదరపు కిలోమీటరులలో వైశాల్యము, మూడవది సాంద్రత. భారత రష్యాల జనసంఖ్యలు ఇటీవలి అంచనాలు. తక్కినవి 2020 మొదలు 2022 వఱకు ఆయా దేశములలో జరిగిన జనగణనలవలన తెలిసినవి.

మంగోలియా: 3.30 × 10⁶, 1.56 × 10⁶, 2.12 × 10⁰
ఆస్ట్రేలియా: 2.54 × 10⁷, 7.69 × 10⁶, 3.30 × 10⁰
రష్యా: 1.45 × 10⁸, 1.71 × 10⁷, 8.48 × 10⁰
అమెరికా సంయుక్తరాష్ట్రములు: 3.31 × 10⁸, 9.83 × 10⁶, 3.37 × 10¹
చైనా: 1.41 × 10⁹, 9.60 × 10⁶, 1.47 × 10²
జపాను: 1.26 × 10⁸, 3.78 × 10⁵, 3.33 × 10²
భారతదేశము: 1.43 × 10⁹, 3.29 × 10⁶, 4.35 × 10²
బంగ్లాదేశము: 1.70 × 10⁸, 1.48 × 10⁵, 1.15 × 10³

చివరి గడిని పైనుండి క్రిందికి చూడుడు. ఘాతాంకములు సున్న, ఒకటి, రెండు, మూడు అని మెట్లవలె ఎక్కుచున్నవి. (పదికి సున్నా ఘాతము ఒకటియని యెఱుగుదురు గదా.) చైనాలోను మన దేశములోను జనసంఖ్య యించుమించు సమానమే. వైశాల్యమున చైనా మనకు సుమారు మూడురెట్లు. కావున సాంద్రతలో మనము చైనాకు సుమారు మూడురెట్లు. జపాను జనసంఖ్య చైనా జనసంఖ్యలో పదునొకండవ వంతైన లేదు. ఐనను సాంద్రతలో జపానే అధికము. బంగ్లాదేశ సాంద్రత మంగోలియా సాంద్రతకు సుమారు 542 రెట్లు.

ఈ సంఖ్యలను తలక్రిందులుగా జూచిన మఱింత స్పష్టమగును. సాంద్రతచే ఒకటిని భాగించిన, సగటున ఒక్కొక్కనికి వచ్చు నేల తెలియును. మన దేశమున అది 2.30 × 10⁻³ చదరపు కిలోమీటరు. ఒక చదరపు కిలోమీటరు 10⁶ చదరపు మీటరులు గావున ఇది 2.30 × 10³ చదరపు మీటరులు. ఎకరము సుమారు 4.05 × 10³ చదరపు మీటరులు. కావున మన దేశమున మనిషికి సుమారు 57 సెంట్లు. బంగ్లాదేశమున సుమారు 21½ సెంట్లు. ఆస్ట్రేలియాలో సుమారు 75 ఎకరములు. ఇందులో పంటపొలము మాత్రమే కాదు. కొండలు, ఎడారులు, ఏఱులు, చెఱువులు, బాటలు, ఇండ్లు, పాఠశాలలు, శ్మశానములు అన్నియు చేరియున్నవి.

ఋణ ఘాతాంకములు

గ్రీన్లాండు డెన్మార్కు రాజ్యమునకు లోబడి స్వపరిపాలన గల ద్వీపము. దాని వైశాల్యము 2.17 × 10⁶ చదరపు కిలోమీటరులు. జనులు సుమారు 5.6 × 10⁴. భాగింపగా గుణకము 2.6; ఘాతాంకము 4 − 6 = −2. సాంద్రత 2.6 × 10⁻², అనగా 0.026. ఒక మనిషిలో ఇరువదియాఱు వేలవ వంతులు చదరపు కిలోమీటరున నుండుట యెట్లు? నూఱు చదరపు కిలోమీటరులకు ఇద్దఱు ముగ్గురు అని దాని భావము. ఋణ ఘాతాంకము కనబడినప్పుడు భయపడక, నేల కొలతను పెంచి చదువుకొనవలెను.

దీనికి సరిగా ఎదురుగా నున్నది ఫ్రాన్సు దక్షిణతీరమునగల మొనాకో. అచ్చట 2.1 చదరపు కిలోమీటరుల నేలపై సుమారు 3.9 × 10⁴ మంది నివసించుచున్నారు, సాంద్రత 1.9 × 10⁴. దీనిని గ్రీన్లాండు సాంద్రతచే భాగింపుడు. ఘాతాంకము 4 − (−2) = 6; గుణకము 0.73. ఫలము 7.3 × 10⁵. ఒకటి మఱియొకదానికి ఏడు లక్షల ముప్పది వేల రెట్లు! సున్నల వరుసలతో ఈ లెక్క చేసిచూచినవారికి ఘాతాంకముల ప్రయోజనము చక్కగా బోధపడును.

సగటులను గూర్చిన హెచ్చరిక

మఱల రష్యా బంగ్లాదేశముల యొద్దకు వత్తము. రెండు దేశములను కలిపి ఒకే దేశముగా భావించిన దాని సాంద్రత యెంత? 8.48 నకు 1150 కూడి, రెండుచే భాగించి, 579 అని చెప్పుట తొందరపాటు. మొదట జనులను జనులతోను, నేలను నేలతోను కూడవలెను. కూడికయందు ఘాతాంకములు సమానముగా నుండవలెననుట మఱవరాదు. 1.45 × 10⁸, 1.70 × 10⁸ కూడగా 3.15 × 10⁸. బంగ్లాదేశ వైశాల్యమగు 1.48 × 10⁵ ని 0.0148 × 10⁷ గా మార్చి 1.71 × 10⁷ నకు కూడగా సుమారు 1.72 × 10⁷. భాగింపగా సాంద్రత సుమారు 18 మాత్రమే. రెండు సగటుల సగటు సత్యము కాదు.

మఱియొక సంగతి. గణనయంత్రము మన దేశ సాంద్రతను 434.6504559 అని చూపును. అన్ని యంకెలను వ్రాసికొనుట పాండిత్యము కాదు. జనసంఖ్యను మనము మూడంకెల వఱకే నమ్మి తీసికొంటిమి. ఫలమును గూడ మూడంకెల వఱకే నమ్మవలెను. పోసినదానికంటె ఎక్కువ పాత్రనుండి వచ్చునా? ఎన్ని యంకెలను నమ్మవచ్చునో ప్రామాణిక రూపము తేటగా చెప్పును.

హారమును గూడ పరిశీలింపవలెను. 2011వ సంవత్సరపు జనగణనలో మన దేశజనులు 1.21 × 10⁹. దీనిని 3.29 × 10⁶ చే భాగించిన 368 వచ్చును. కాని జనగణన శాఖవారు ప్రకటించిన సాంద్రత 382. లెక్క తప్పా? తప్పు కాదు. జమ్ము కాశ్మీరములో పాకిస్థాను, చైనాల ఆక్రమణలో నున్న భాగమున మనవారు గణన చేయలేదు; అందుచే ఆ నేలను గూడ హారమునుండి తొలగించిరి. లెక్కింపని జనులుండు నేలను లెక్కలో చేర్చుట న్యాయము కాదు గదా. ఆ శాఖవారి లెక్కల ప్రకారమే మన దేశసాంద్రత 1901లో 77, 1951లో 117, 2011లో 382. నూటపది సంవత్సరములలో దాదాపు అయిదురెట్లైనది.

సాంద్రత చెప్పునది, చెప్పనిది

ఈజిప్టు వైశాల్యము సుమారు 1.0 × 10⁶ చదరపు కిలోమీటరులు. 2017వ సంవత్సరపు గణనలో జనులు 9.5 × 10⁷. సాంద్రత 95, మన సాంద్రతలో నాలుగవ వంతైన లేదు. కాని ఆ దేశమున నూటికి సుమారు తొంబదియైదుగురు నైలునదీలోయలోను, దాని ముఖద్వారమునను, అనగా నూటికి సుమారు అయిదు పాళ్ల నేలపై క్రిక్కిఱిసియున్నారు. తక్కినది ఎడారి. ఆ జనులను ఆ నేలచే భాగించిన 9.0 × 10⁷ ÷ 5.0 × 10⁴ = 1.8 × 10³. బంగ్లాదేశ సాంద్రతకంటె నిది హెచ్చు! 95 అను సంఖ్య అసత్యము కాదు. కాని ఆ సంఖ్య చెప్పినట్లు జీవించు ఈజిప్టు దేశీయుడు అరుదు.

జనులు దట్టముగా నున్నందుననే దారిద్ర్యము కలుగునని తఱుచుగా వినుచున్నాము. నెదర్లాండ్సు దేశమును జూడుడు. జనులు 1.8 × 10⁷, వైశాల్యము 4.15 × 10⁴, సాంద్రత 4.3 × 10². ఇది యించుమించు మన సాంద్రతయే. ఆ దేశమున సుమారు నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువనున్నది. కట్టలు కట్టి, నీటిని తోడి, నేలను నిలుపుకొని, వారు సంపన్నులైరి. పాలు, పూవులు, కూరగాయలు పెఱదేశములకు పంపుచున్నారు. సాంద్రత సమానమైనను బ్రతుకు సమానము కాదు. విద్య, పరిశ్రమ, పరిపాలన, చరిత్ర అనునవి ఈ భాగహారములో కనబడవు.

ఇక తక్కువ సాంద్రతను తప్పుగా చదివినందున కలిగిన అనర్థమును జెప్పెదను. ఆస్ట్రేలియాలో ఆదివాసులు నలుబదివేల యేండ్లకు పైబడి నివసించుచున్నారు. 1788లో అచ్చట వలస స్థాపించిన బ్రిటిషువారు, విశాలమైన నేలపై జనులు పలుచగా నుండుటయు, తమవలె కంచెలు వేసి సేద్యము చేయకుండుటయు జూచి, ఆ నేలను ఎవ్వరికిని చెందని భూమిగా భావించిరి. అందుచే ఆ జనులకు తమ నేలపై హక్కు లేకపోయినది. టారెసు జలసంధియందలి మఱే ద్వీపవాసియగు ఎడ్డీ మాబోయు అతని సహచరులును 1982లో వ్యాజ్యమాడిరి. 1992వ సంవత్సరము జూను 3వ తేదీన ఆ దేశపు హైకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పి, ఎవ్వరికిని చెందని భూమియను వాదమును త్రోసివేసెను. తీర్పునకు కొద్ది నెలల ముందే మాబో మరణించెను. పలుచగా నుండుట వేఱు, లేకుండుట వేఱు. 10⁻² సున్న కాదు. ఈ గణితసత్యమును మఱచినందున రెండు శతాబ్దములు ఒక జాతి తన నేలపై పరాయిదైనది.

విద్యార్థులారా! ప్రామాణిక రూపము మనకు పెద్ద సంఖ్యలను చేతికందునట్లు చిన్నవిగా చేసి యిచ్చును. అది గొప్ప యుపకారము. కాని 1.43 × 10⁹ అని నాలుగు గీతలలో వ్రాయునప్పుడు, మన తల్లిదండ్రులును, మన పొరుగువారును, ఈ పుటను చదువుచున్న మీరును అందులోనే యున్నారని తలంపుడు. మూడంకెలలో మనము విడిచివేసిన శేషముననే కొన్ని లక్షలమంది యున్నారు. పోల్చుటకు వారిని విడువవచ్చును, పాలించుటకు విడువరాదు.

అభ్యాసమునకు

1. 2011వ సంవత్సరపు గణన ప్రకారము నేటి ఆంధ్రప్రదేశ్ పరిధిలో జనులు 4.96 × 10⁷, వైశాల్యము 1.63 × 10⁵. తెలంగాణలో జనులు 3.50 × 10⁷, వైశాల్యము 1.12 × 10⁵. సాంద్రతలను వేఱువేఱుగను, కలిపియు కనుగొనుడు.

2. ఐక్యరాజ్యసమితివారి లెక్క ప్రకారము 2022 నవంబరు 15వ తేదీన లోకజనసంఖ్య 8.0 × 10⁹ నకు చేరినది. భూమిపై పొడినేల 1.49 × 10⁸ చదరపు కిలోమీటరులు. సాంద్రత యెంత?

3. పాత పుస్తకములలో సాంద్రత చదరపు మైలునకు చెప్పబడియుండును. చదరపు మైలు 2.59 చదరపు కిలోమీటరులు. మన దేశసాంద్రతను చదరపు మైలునకు మార్చుడు.

జవాబులు: (1) 3.04 × 10², 3.12 × 10², కలిపి 3.08 × 10². (2) 5.4 × 10¹. (3) 1.13 × 10³.